మధుబాబు ఎడమ కాలు

మధుబాబు చనిపోయి ఐదేళ్ళు దాటింది. రేపల్లె సమాధుల తోటలో, తండ్రి సామ్యేలు పక్కనే అతన్ని పెట్టారు. అయితే అతని ఎడమ తొడలోంచి తీసిన గోరంత కండ నుంచి పెంచిన కణాలు, బాపట్లలో ఒక ల్యాబులో ద్రవ నత్రజని ట్యాంకు అడుగున గడ్డకట్టి, ప్రాణంతోనే ఉన్నాయి. ఆ ట్యాంకు చూసుకునే పని అతని అక్క సుజనది.

ల్యాబు చిన్నది. కాలేజీల వైపు పోయే రోడ్డులో ఒక ట్రస్టు నడుపుతోంది. కండరాల జబ్బున్న పిల్లల దగ్గర చిన్న ముక్క తీసుకుని, అందులోని కణాల్ని పెంచి, అవి కండగా మారేటప్పుడు ఎక్కడ దారి తప్పుతున్నాయో చూస్తారు. ఉషశ్రీ మేడం దానికి పెద్ద. సుజన టెక్నీషియన్. గాజు సామాను కడిగి ఆవిరిలో ఉడికించేది నూర్ బీ. ట్యాంకులో నత్రజని తగ్గితే మోగడానికి అలారం ఉంది. అయినా సుజన ఆదివారం కూడా ఆరాధనకి గుడికి వెళ్ళేముందు వచ్చి, మూత ఎత్తి చూసి వెళ్తుంది.

"మీ ఇంట్లో ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయినా పట్టించుకోవు గానీ సుజనమ్మా, దీనికి మాత్రం ఆదివారం లేదు" అంటుంది నూర్ బీ. ట్యాంకులో ఎవరున్నారో నూర్ బీకి తెలుసు. తెలిసే అంటుంది.

సుజనకి ముప్పై ఎనిమిది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "కుదరలేదండి" అంటుంది. మాట తక్కువ. ఎడమ కనురెప్ప అప్పుడప్పుడు దానంతటదే కొట్టుకుంటుంది. డాక్టరు నిద్ర చాలకన్నాడు.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. ఒంట్లోంచి ఏది విడిపోయినా మట్టికే చేరాలి. సామ్యేలు తెనాలిలో ఒక రైస్ మిల్లులో పనిచేసేవాడు. బెల్టులో పడి చూపుడు వేలు తెగిపోతే, ఆ వేలిని చిన్న బిస్కెట్ డబ్బాలో పెట్టి రేపల్లె తెచ్చి సమాధుల తోటలో పాతిపెట్టాడు. పైన ఇటుక ముక్క గుర్తు. "నాకంటే ముందే సీటు ఆపింది" అని నవ్వేవాడు. ఆయన పోయినప్పుడు ఆ డబ్బా తవ్వి తీసి, ఆయన కుడి చేతి పక్కన పెట్టాకే మన్ను పోశారు. లేచే రోజున మనిషి తన వేలి కోసం వెతుక్కోకూడదని ఆయన భార్య కొండమ్మ నమ్మకం. వాదన కాదు, నమ్మకం. కుక్కరు మూడు కూతలు కూస్తే అన్నం ఉడికినట్టు.

కొండమ్మది అడవులదీవి. ఆమె తమ్ముడు పన్నెండో ఏట నడక మానేశాడు. ఇరవై నిండకుండానే పోయాడు. అందుకే మధుబాబు ఐదేళ్ళప్పుడు నేల మీంచి లేవడానికి రెండు చేతులూ తన తొడల మీదే ఆనించి, తన ఒంటి మీద తనే ఎక్కుతున్నట్టు లేస్తుంటే, డాక్టరు కంటే ముందు ఆమెకే తెలిసింది. ఆ జబ్బు ఆడవాళ్ళలో దాక్కుని మగపిల్లల్లో బయటపడుతుంది. కొండమ్మకి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. తల్లి ముఖమూ, తమ్ముడి కాళ్ళూ చెప్పాయి.

మధుబాబు చక్రాల కుర్చీలోంచే రేపల్లెలో పేరు తెచ్చుకున్నాడు. టెన్నిస్ బాల్ టోర్నమెంట్లకి మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడు. క్యాచ్ వదిలేసినవాణ్ణి ఇంటిపేరుతో సహా ఉతికేవాడు. "నాకు కాళ్ళు లేవు, నీకు చేతులు లేవు, మనిద్దరం కలిస్తే ఒక ఫీల్డరవుతాం రా" అన్న మాట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

అతని రక్తం హైదరాబాద్ పంపి జన్యు పరీక్ష చేయించారు. ఏమీ దొరకలేదు. జబ్బు అదేనని లక్షణాలు చూస్తే తెలుస్తోంది. తప్పు ఎక్కడుందో మాత్రం రక్తంలో కనపడలేదు. కొందరిలో అంతే అన్నారు. అప్పటికి సుజన బాపట్లలో చేరింది. పందొమ్మిదేళ్ళ మధుబాబు, ముక్క సంగతి అమ్మకి చెప్పకుండా, తనే అడిగి అక్కడికి వచ్చి తొడ చూపించాడు.

"కొంచెం నొప్పి ఉంటుంది" అంది ఉషశ్రీ మేడం.

"పర్లేదండి. ఆ కాలు నా దగ్గర ఎటూ పని చెయ్యట్లేదు. మీ దగ్గరన్నా ఉద్యోగం చేయించండి. జీతం మాత్రం మా అక్క చేతికివ్వకండి, చీరలు కొనేసుద్ది."

ఆ కణాల్ని పెంచింది సుజనే. కుట్టుసూది ఆకారంలో ఉంటాయి. కడుపునిండా తిండి పెట్టినంతకాలం ఒకటి రెండవుతూ పెరుగుతాయే తప్ప కండగా మారవు. మారాలంటే తిండి తగ్గించాలి. ఆకలి తగలగానే పెరగడం ఆపుతాయి. ఒకదాని పక్కన ఒకటి వరస కడతాయి. గోడలు కరిగి ఒకదాన్లో ఒకటి కలిసి పొడవాటి పోగులవుతాయి. అంతకుముందు పనిచేస్తున్న జన్యువులు ఆగిపోయి, నిద్రపోతున్నవి లేస్తాయి. చివరికి లేచేవాటిలో డిస్ట్రోఫిన్ అనే జన్యువు ఒకటి. కండ కదిలినప్పుడల్లా చిరిగిపోకుండా లోపల్నించి పట్టి ఉంచేది దాని పని. మధుబాబులో అదే పాడయింది.

మనిషి కణాలు గిన్నెలో పోగులైనా, వాటంతటవి కదలడం అరుదు. మొదటిసారి పెంచినప్పుడు మధుబాబువి కదిలాయి. ఒక పోగు మూల నుంచి మూలకి ఒకసారి గుంజుకుని వదిలేసింది. సుజన ఫోనులో తీసి రేపల్లె తీసుకెళ్ళి చూపించింది. మధుబాబు చాలాసేపు చూశాడు. తర్వాత మైకు గొంతు పెట్టాడు. "పదేళ్ళ విరామం తర్వాత ఎడమకాలు మళ్ళీ ఫామ్‌లోకి వచ్చింది. కుడికాలు పెవిలియన్‌లోనే కూర్చుంది." అమ్మ అప్పుడు గుడికి వెళ్ళింది. అక్కా తమ్ముడూ నవ్వారు. తర్వాత ఫోను పాడై ఆ వీడియో పోయింది. సుజన కొత్త ఫోను కొన్నా మళ్ళీ ఎప్పుడూ తియ్యలేదు.

కరోనా రెండో విడతలో అతనికి ఊపిరి అందలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఇంటివాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. జిప్ వేసిన సంచీలో తెచ్చారు. పెట్టెలోకి దించింది చేతులకి నీలం తొడుగులు వేసుకున్న నలుగురు. వాళ్ళెవరో ఈరోజుకీ తెలియదు. కొండమ్మ కొడుకు ఒళ్ళు కడగలేదు, నుదురు ముట్టుకోలేదు. పిడికెడు మన్ను కూడా పార పట్టినవాడే వేశాడు. ఆమె గేటు బయట నిలబడి, ఆ తొడుగుల చేతుల్నే చూసింది. ఆ రోజు సుజన తొడ ముక్క సంగతి చెప్పలేదు. చెప్పే రోజు కాదు అనుకుంది. ఆ తర్వాత చెప్పే రోజు రాలేదు.

ఆ కణాల్ని గడ్డకట్టించి దాచిన గొట్టాలు ప్రయోగాలకి ఒక్కొక్కటే ఖర్చయ్యాయి. చివరికి ఒకటి మిగిలింది.

సుజన చెల్లెలు బ్లెస్సీ తెనాలిలో ఉంటుంది. భర్త రమేష్ బాబు కొలకలూరులో బడిపంతులు. మధుబాబు పోయిన ఐదేళ్ళకి, ఆగస్టులో, బ్లెస్సీ ఫోను చేసింది.

"అక్కా, మూడో నెల పడింది."

సుజన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది.

"కంగ్రాట్స్ చెప్పవా? సరేలే, నేను నీకేం చెప్తున్నానో నీకు తెలుసుగా. నాలో ఉందా లేదా?"

"నీ రక్తంలో చూస్తే తెలీదే. తమ్ముడిలో తప్పెక్కడుందో ముందు దొరకాలి. అది దొరికితే అదే చోట నీలో చూస్తారు."

"మరి దొరకబుచ్చు. ఇన్నేళ్ళు అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్, పచ్చళ్ళు పెడుతున్నావా?"

వెనకనుంచి రమేష్ బాబు "మెల్లగా మాట్లాడు బ్లెస్సీ" అనడం వినిపించింది.

"నువ్వుండవయ్యా. అక్కా, ఆ మేనమామని అమ్మ చూసింది, మన తమ్ముణ్ణి నేను చూశా. ఇంకొకణ్ణి చూడలేను. తెలీకుండా మాత్రం కనను. టైం లేదు నాకు."

మర్నాడు సుజన ఉషశ్రీ మేడం ముందు కూర్చుంది. మేడం దాపరికం లేకుండా చెప్పింది. డిస్ట్రోఫిన్ జన్యువు రక్తంలో నోరు విప్పదు. కండలోనే పలుకుతుంది. అందుకని చివరి గొట్టం కరిగించి, కణాల్ని కండగా మార్చి, ఆ జన్యువు లేచి పలికిన సమయంలో అది పంపే సందేశాన్ని, ఆర్‌ఎన్‌ఏని, పట్టుకుని చదవాలి. తప్పు దొరకొచ్చు. కణాలు ముసలివి కాబట్టి, పెంచే ప్లేటులో రెండు గుంటలకి మించి నిండవు. సందేశం బయటికి తియ్యాలంటే కణాల్ని కరిగించేయాలి. ఏమీ మిగలదు. చనిపోయినవాడి జన్యువుల్లో కనిపెట్టేది బతికున్నవాళ్ళ సంగతి కూడా అవుతుంది కనుక తల్లి అనుమతి ఉండాలి.

ఆదివారం సుజన రేపల్లె వెళ్ళింది. కొండమ్మ గుడి నుంచి అప్పుడే వచ్చి చేపలు తోముతోంది. సుజన మొత్తం చెప్పింది. కొండమ్మ బూడిద చేతులు అలాగే పెట్టుకుని విన్నది.

"అయితే వాడు మొత్తం ఇక్కడ లేడు."

"చిన్న ముక్కమ్మా."

"మీ నాన్న వేలు పెద్దదా?" అంది కొండమ్మ. "ఐదేళ్ళు. పండగ పండగకీ సున్నం కొడుతున్నా, పూలు పెడుతున్నా. నువ్వు పక్కన నిలబడి కొవ్వొత్తి వెలిగిస్తున్నావ్. చెప్పలేదు."

కొండమ్మ చేప తిప్పి మళ్ళీ తోమింది.

"రక్తంలో తెలీనిది అందులో ఎట్టా తెలుసుద్ది?"

సుజనకి ఇది ఎలా చెప్పాలో ముందే తెలుసు. సామ్యేలు గుడిలో పాటల నంబర్ల బోర్డు పెట్టేవాడు. ప్రతి ఆదివారం చెక్క నంబర్లు గాడిలోకి తోసేవాడు. "పాటల పుస్తకం అందరి చేతిలో ఒకటే కదమ్మా. బోర్డు మీద ఏ నంబర్లుంటే ఆ పాటలే పాడతారు. ఒంట్లో కూడా అంతే. రక్తం చేతిలో, కండ చేతిలో పుస్తకం ఒకటే. బోర్డులు వేరు. కండ అయ్యేటప్పుడు బోర్డు మీద నంబర్లు మారిపోతాయి. ఆ పాట అప్పుడే పాడుద్ది. తమ్ముడి పాటలో మాటలన్నీ ఉన్నాయి, పుస్తకంలో చూస్తే తప్పు కనపడట్లా. పాడించి వింటే ఎక్కడ గొంతు తప్పుతోందో తెలుసుద్ది."

"వాడిచేత పాడిస్తావా."

"అవునమ్మా."

"ఎట్టా పాడిస్తావ్?"

"తిండి తగ్గిస్తాం. ఆకలైతే మారతాయి."

కొండమ్మ చేతులు ఆగిపోయాయి. ఆఖరి నెలల్లో మధుబాబు మింగలేకపోయేవాడు. ఆమె గంజి స్పూనుతో పోస్తే బయటికొచ్చేసేది. "వాణ్ణి మళ్ళీ ఆకలితో పెడతావా?" అంది.

సుజన లేచి పెరట్లోకి వెళ్ళి పంపు దగ్గర కాసేపు నిలబడి వచ్చింది. అప్పటికి కొండమ్మ చేపలు కడిగేసింది.

"బ్లెస్సీకి తెలియాలి. చెయ్యి" అంది. "కానీ నాకు రెండు కావాలి. నేను వాణ్ణి చూడాలి. సగం నాకివ్వాలి. సమాధుల పండగనాడు వాడి కాలు దగ్గర పెడతా."

రెండు గుంటల్లో ఒకటి అమ్మకి. ఉషశ్రీ మేడం ముఖం చిట్లించినా ఒప్పుకుంది. ఒక గుంట చాలు, జాగ్రత్తగా చేస్తే.

గొట్టం కరిగించారు. చాలా కణాలు లేవలేదు. లేచినవి మెల్లగా పెరిగాయి. గుంటలు నిండాక సుజన తిండి తగ్గించింది. ఆ ద్రవం మార్చేటప్పుడు ఆమె ఎడమ రెప్ప ఆగకుండా కొట్టుకుంది. అవి వరస కట్టాయి, కలిశాయి, పోగులయ్యాయి. పోగులు మందంగా కనిపించిన రోజున తల్లికి ఫోను చేసింది.

కొండమ్మ గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని రైలెక్కింది. తెనాలిలో మారాలి. బ్లెస్సీ స్టేషనుకి టిఫిన్ తెచ్చి ఇచ్చింది గానీ కొండమ్మ డబ్బా తెరవలేదు. బాపట్లలో నూర్ బీ ఎదురొచ్చి చేతిసంచీ అందుకుంది.

"రా వదినా, రా. కాళ్ళకి ఈ సంచులు తొడుక్కో. ఇక్కడ మనుషులకంటే గిన్నెలకే మడి ఎక్కువ."

మైక్రోస్కోపు ముందు స్టూలు మీద కొండమ్మ కూర్చుంది. మొదట ఆమెకి తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. సుజన తల సరిచేసింది. తర్వాత కనిపించింది. బూడిదరంగు నీళ్ళలో ఒకే దిక్కుకి పడుకున్న సన్నటి పోగులు.

"ఇది కుడికాలా, ఎడమదా?"

"ఎడమది."

కొండమ్మ కదలకుండా చూసింది. నూర్ బీ టీ తెచ్చి బయటే నిలబడింది. చాలాసేపయింది. సుజన ఇక చాలమ్మా అందామనుకుంటుండగా కొండమ్మ ఒళ్ళు ఒక్కసారి వెనక్కి తగ్గింది.

"గుంజుకున్నాడు" అంది.

సుజన కన్ను పెట్టి చూసింది. పోగులు నిశ్చలంగా ఉన్నాయి. చూస్తూనే ఉంది. పక్కన ఉన్న పోగు ఒకటి, తెరచాప తాడు లాగినట్టు, బిగిసి వదిలింది. ఆపై ఏమీ లేదు.

"రాత్రిళ్ళు పిక్క పట్టేస్తే ఇట్టాగే గుంజుకునేవాడు. నేను నొక్కేదాన్ని" అంది కొండమ్మ. ఆమె చూపు సుజన చేతుల మీద పడింది. నీలం తొడుగులు. "నువ్వు కూడా అవేసుకునే ముట్టుకుంటావా వాణ్ణి?"

సుజన చేతులు వెనక్కి పెట్టుకుంది. కొండమ్మ సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది.

తెల్లారి సుజన మొదటి గుంట కరిగించింది. ఈ పని ఆమె లెక్కలేనన్ని సార్లు చేసింది. కరిగించడం, కడగడం, తిప్పడం. చివరికి చిన్న గొట్టంలో ఒక చుక్క మిగులుతుంది. నీళ్ళలా ఉంటుంది. మధుబాబు కండ తన పాట పాడుతూ పాడుతూ ఉండగా పట్టుకున్న చుక్క అది. దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. తర్వాత తొడుగులు తీసేసింది. ఎందుకు తీసిందో ఆమెకి తెలుసు. ఆ ఒక్క చుక్కని తొడుగుల్లేని చేత్తో పట్టుకుందామనుకుంది. అంతే. పట్టుకుని, మూత నొక్కింది. నొక్కేటప్పుడు బొటనవేలు మూత లోపలి అంచుకి తగిలింది.

ఆ ల్యాబులో మొదటిరోజు నేర్పే పాఠం ఇది. మనిషి చర్మం మీద, చెమటలో ఉండేది ఒకటి ఆర్‌ఎన్‌ఏని క్షణాల్లో తుంపులు చేస్తుంది. తొడుగులు మనల్ని కాపాడటానికి కాదు, మన నుంచి దాన్ని కాపాడటానికి. సుజన ఎందరికో నేర్పింది. ఆసుపత్రి తొడుగులు, ల్యాబు తొడుగులు, రెండూ నీలంగానే ఉంటాయి.

మేడం యంత్రంలో పెట్టి చూసి తెరని సుజన వైపు తిప్పింది. సందేశం ముక్కలవకుండా ఉంటే తెర మీద ఉండాల్సిన రెండు నిటారు శిఖరాలు లేవు. చదునుగా, అరిగిపోయిన గట్టులా ఉంది. "ఏమైంది సుజనా?"

"నా చెయ్యి తగిలిందండి."

ఉషశ్రీ మేడం ఇన్నేళ్ళుగా తన దగ్గర పనిచేస్తున్న మనిషిని చూస్తున్నట్టు కాకుండా, మొదటిరోజు వచ్చిన మనిషిని చూస్తున్నట్టు చూసింది. తర్వాత రెండో గుంట వైపు చూసింది. పోగులు కదిలినకొద్దీ చిరిగి అడుగు వదిలేస్తాయి. రెండురోజుల్లో ఊడిపోతాయి. ఇవి ఊడితే ఇక లేవు. "అది మీ అమ్మది" అంది మేడం. "నువ్వే వెళ్ళి అడుగు. నేనడగను."

సుజన తెనాలిలో బండి మారేటప్పుడు బ్లెస్సీకి చెప్పలేదు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని చెల్లెలి ఫోను వస్తుంటే చూస్తూ వదిలేసింది. రేపల్లె చేరేసరికి కొండమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కూతుర్ని చూడగానే బట్ట చేతిలోనే ఉంచుకుంది.

"పోయిందా?"

"నాకిచ్చినది పోయిందమ్మా. నీది ఉంది. అది కావాలి."

"ఎట్టా పోయింది?"

సుజన చెప్పింది. తొడుగులు తీసిన సంగతి, ఎందుకు తీసిందో, వేలు ఎక్కడ తగిలిందో, చర్మం ఏం చేస్తుందో.

కొండమ్మ ఆ బట్టని తీగ మీద పరిచింది. ముడతలు సాపు చేసింది. ఒక చివర సాపు చేశాక రెండో చివర. చాలాసేపు అదే పని. ముట్టుకోలేదని ఐదేళ్ళుగా ఏడ్చిన మనిషి. ముట్టుకుంటే వాడు ముక్కలవుతాడని ఇప్పుడే విన్నది.

"ఈసారి తొడుగులు వేసుకో" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

రెండో చుక్క హైదరాబాద్ వెళ్ళింది. సెప్టెంబరు ఆఖర్లో జవాబు వచ్చింది. పాటలో మాటలేవీ పోలేదు. మధ్యలో ఎక్కడిదో అర్థంలేని ఒక చరణం వచ్చి చేరింది. పాట అక్కడికి రాగానే గొంతు తప్పి ఆగిపోతోంది. రక్తంలో వెతికినవాళ్ళు అది ఉన్న మూలని చదవరు. అక్కడ అర్థమున్నది ఏమీ ఉండదని. ఇక చోటు తెలిసింది కాబట్టి ముగ్గురు ఆడవాళ్ళ రక్తంలోనూ ఆ ఒక్క చోటే చూశారు. కొండమ్మలో ఉంది. బ్లెస్సీలో లేదు.

సుజనలో ఉంది. ఆ మాట ఆమె నూర్ బీకి మాత్రమే చెప్పింది. నూర్ బీ జోక్ వెయ్యలేదు.

బ్లెస్సీ ఫోనులో గట్టిగా ఏడ్చింది. తర్వాత నవ్వింది. తర్వాత రమేష్ బాబుని పిలిచి, ఇక అల్లం పచ్చడి తెచ్చిపెట్టమని అరిచింది. "అక్కా, వాడే కాపాడాడే నన్ను" అంది. సుజన, పచ్చడి ఎక్కువ తినొద్దని చెప్పి ఫోను పెట్టేసింది. వాడు కాపాడలేదు. వాణ్ణి ఆకలితో పెట్టి, పాడించి, పాడుతుండగా కరిగించారు. రెండుసార్లు.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. రేపల్లె తోటలో సున్నం వాసన, బంతిపూలు, గాలికి ఆరిపోతూ వెలుగుతూ కొవ్వొత్తులు. కడుపుతో ఉన్నది రాకూడదని బ్లెస్సీని రానివ్వలేదు. కొండమ్మ కొడుకు సమాధి ఎడమవైపు, మోకాలు ఉండే చోట, తాపీతో గుప్పెడంత గొయ్యి తీసింది. తీశాక సుజన వైపు చూసింది.

సుజన బ్యాగులోంచి బట్టలో చుట్టినది తీసింది. కణాలు పెరిగిన ప్లాస్టిక్ ప్లేటు. బయటికి పంపేముందు నూర్ బీ దాన్ని ఆవిరిలో ఉడికించింది. వేడికి గుంటలు కరిగి, మూసుకుపోయి, మడత పడిన చెవిలా అయింది. "ఏ క్రిమీ లేదు, నా చేత్తో ఉడికించా, మీ అమ్మకివ్వు" అని ఇచ్చింది.

కొండమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో వాడు లేడు."

"లేడమ్మా."

"ఇది గిన్నె. తిన్నవాడు పోతే గిన్నెని పాతిపెడతారా?" తిరిగి ఇచ్చేసింది. గొయ్యిని ఖాళీగానే మన్నుతో పూడ్చి, అరచేత్తో తట్టింది. పక్కన సామ్యేలు సమాధి మీద కొవ్వొత్తి సరిచేసింది. ఆయన వేలితో సహా ఉన్నాడు.

ప్లేటు ఇప్పుడు బాపట్లలో సుజన బల్ల సొరుగులో ఉంది. ట్యాంకులో అతని చోటు ఖాళీ. ఆమె ఆదివారాలు వచ్చి మూత ఎత్తడం మాత్రం మానలేదు. పొగ పక్కకి జరిగేదాకా చూసి మూత వేస్తుంది. కొండమ్మ ఫోను చేసినప్పుడల్లా ఏదో ఒక మాట మధ్యలో అడుగుతుంది. "ఏమన్నా మిగిలిందా?" లేదమ్మా అంటుంది సుజన. సరేలే అంటుంది కొండమ్మ. మళ్ళీ వారం అడుగుతుంది.

పండగ అయిన కొన్నాళ్ళకి సుజన రేపల్లెలో ఉండగా బ్లెస్సీ ఫోను వచ్చింది. కొండమ్మ పప్పు రుబ్బుతూ, చేతులు ఖాళీ లేక, స్పీకర్ పెట్టమంది.

"అమ్మా, కదిలింది! ఇప్పుడే. లోపల. మొదట గ్యాసనుకున్నా. మళ్ళీ కదిలింది. ఈయన చెయ్యి పెట్టి చూశాడు, ఈయనకి తెలీలేదంట, నాకు మాత్రం బాగా తెలిసింది. కాలు అమ్మా, కాలే. తన్నింది."

రుబ్బురోలు ఆగింది. కొండమ్మ పిండి చేతులు పైకెత్తి, ఫోను మీదికి వంగింది.

"ఏ కాలు?" అంది.

బ్లెస్సీ నవ్వింది. "ఏ కాలో నాకెట్టా తెలుసుద్దే అమ్మా, లోపలుంటే?"

కొండమ్మ నవ్వలేదు. పిండి చేతులు అలాగే గాల్లో పెట్టుకుని, జవాబు కోసం ఫోను వైపే చూస్తూ ఉంది. సుజన ఎడమ రెప్ప మీద వేలు నొక్కిపెట్టుకుంది.